నలభై ఒకటో ఇంటి కొలత

నిన్న పొద్దున దిల్‌సుఖ్‌నగర్‌లో మెట్రో స్తంభాల పక్కనున్న ఒక హార్డ్‌వేర్ దుకాణంలో ముప్పై అడుగుల ప్లాస్టిక్ పైపు కొన్నాను. చిటికెన వేలంత లావు, లోపలి నీళ్ళు బయటికి కనిపించే రకం. దుకాణదారు చుట్ట విప్పి గజం కర్రతో కొలుస్తుంటే కొత్త ప్లాస్టిక్ వాసన గుప్పున వచ్చింది. "కూలర్‌కా మేడమ్?" అన్నాడు. లెవెల్ చూడటానికన్నాను. "మీ మేస్త్రీ తెమ్మన్నడా?" అని అడిగాడు. మేస్త్రీని నేనే అనుకోమన్నాను. అతను నవ్వాడు. నేను మాత్రం ఆ వాసన దగ్గరే ఆగిపోయాను. అలాంటి పైపు రెండో చివర పట్టుకుని, మోకాలి మీద చెయ్యి వేసుకుని, "నీళ్ళు ఊగుతున్నయి, జర ఆగు బిడ్డా" అనే మనిషి నా కళ్ళ ముందుకొచ్చాడు.

ఆయన పేరు నర్సయ్య. మాకు చుట్టం కాదు, కానీ కాలనీ అంతా కాక అనే పిలిచేవాళ్ళం. నేను పెళ్ళై నల్గొండ దగ్గరి పల్లె నుంచి వచ్చి, ఎల్బీనగర్ వైపు ఒక కాలనీలో కిరాయి గదిలో జాకెట్లు కుట్టుకుంటున్న రోజులవి. నాలుగు వీధులు, అరవై నాలుగు ఇళ్ళు, చివర పెద్ద మురుగు కాలువ, నాలా. మధ్యలో నీళ్ళ ట్యాంకు. కాక పొడవాటి ఇనుప చావి భుజాన వేసుకొచ్చి ఏ వీధికి ఎప్పుడు నీళ్ళు వదలాలో అప్పుడు ఆ వీధి వాల్వు తిప్పేవాడు. అది ఆయన ఉద్యోగం. ఎవరూ చెప్పకుండా తన నెత్తిన వేసుకున్న పని ఇంకొకటి ఉంది. ట్యాంకు గోడకు ఒక నల్లబోర్డు తగిలించి, వార్డు ఆఫీసులో అంటించిన నోటీసులను ప్రతిరోజూ చదివొచ్చి, మా అందరికీ అర్థమయ్యే మాటల్లో సుద్దముక్కతో రాసేవాడు.

ఆ బోర్డు మధ్యలో పైనుంచి కిందికి ఒక గీత ఉండేది. ఎడమ వైపు 'చూసినవి', కుడి వైపు 'విన్నవి'. మోరీ పని మొదలవుతుందని నోటీసు వస్తే అది కుడివైపు రాసేవాడు. తను నడిచి వెళ్ళి, తవ్విన గుంట కళ్ళారా చూశాకే ఎడమ వైపుకి మార్చేవాడు. కొన్ని నోటీసులు నెలల తరబడి కుడివైపే ఉండిపోయేవి. జనం నవ్వుకునేవాళ్ళు. నేను మాత్రం నవ్వలేకపోయేదాన్ని. తెలిసినదానికీ తెలియనిదానికీ మధ్య అంత సూటిగా గీత గీసిన మనిషిని నేను అంతవరకు చూడలేదు.

మా పరిచయం ఒక తగాదాతో మొదలైంది. ఒకరోజు బోర్డు మీద 'నీళ్ళు రోజు విడిచి రోజు: సోమ, బుధ, శుక్ర' అని కనిపించింది. నాకు లెక్కలంటే చిన్నప్పటి నుంచీ ఒక తిక్క. అంకెలు కుదరకపోతే అన్నం సహించదు. బిందె పక్కన పెట్టి ఆయన దగ్గరికి వెళ్ళాను.

"కాకా, గిదెట్ల కుదురుతది?"

"ఏంది బిడ్డా?"

"రోజు విడిచి రోజంటే శుక్రారం తర్వాత ఐతారం రావాలె గదా. మీరు సోమారం రాసిండ్రు. నడుమ రెండొద్దులు పోతయి."

ఆయన వేళ్ళ మీద రెండుసార్లు లెక్కపెట్టుకున్నాడు. "ఆఫీసు కాయితంల గట్లనే ఉంది."

"అయితే కాయితమే తప్పు."

నన్ను కింది నుంచి పైదాకా చూశాడు. "ఏం జదివినవ్?"

"ఎనిమిది."

"నేను అయిదు. ఇద్దరం కలిస్తే పదమూడు," అన్నాడు నవ్వకుండా. ఆ మధ్యాహ్నమే వార్డు ఆఫీసుకు వెళ్ళి అడిగొచ్చాడు. శుక్రవారం తర్వాత ఆదివారమని సరిదిద్ది, దాన్ని కుడివైపే రాశాడు. ఆదివారం వాల్వు తిప్పి, నల్లాలో నీళ్ళు రావడం చూశాక, తడి చేత్తో దాన్ని ఎడమ వైపు రాసి నా వంక చూసి తలూపాడు. మా ఊళ్ళో పంతులు కూడా నా లెక్కను అంత గౌరవించలేదు.

ఆ ఏడు వానాకాలంలో ఒక నోటీసు వచ్చింది. 'లోతట్టు ప్రాంతాల ప్రజలు అప్రమత్తంగా ఉండవలెను.' కాక సుద్దముక్క పట్టుకుని బోర్డు ముందు చాలాసేపు నిలబడ్డాడు. నేను అటుగా పోతుంటే పిలిచాడు.

"లోతట్టు అంటే ఎవరు బిడ్డా? గీ కాయితం చదివి 'నన్నే అంటున్నరు' అనుకునేటోడు మన కాలనీల ఒక్కడు లేడు. అడుగు, అందరు ఎత్తులనే ఉన్నమంటరు."

"కండ్లతోని చూస్తే తెలుస్తది గద కాకా."

"కండ్లకేం తెలుస్తది? కొత్త రోడ్డేసినప్పుడల్ల ఇండ్లు ఒక మెట్టు మునుగుతయి. ఇంట్లున్నోళ్ళకు అది కనవడదు."

ఆ సారి నీళ్ళు వచ్చి పోయాయి. ట్యాంకు కింది గద్దె గోడ మీద, దాని పై అంచుకు పదిహేను అంగుళాల కింద బురద గీత మిగిలింది. కాక దాని మీద ఎర్ర రంగు పూశాడు. ఎండాకాలం రాగానే ఒక పైపు చుట్ట పట్టుకుని మా ఇంటికొచ్చాడు. ఒక్కొక్క ఇంటి గడప ఆ గద్దెకు ఎన్ని అంగుళాల కింద ఉందో కొలుద్దామన్నాడు. ఈసారి నోటీసు వస్తే 'లోతట్టు' అని రాయడట, ఇంటి నంబర్లు రాస్తాడట.

పద్ధతి తేలికే. పైపు నిండా నీళ్ళు పోసి రెండు చివరలూ పైకెత్తి పట్టుకుంటే, మధ్యలో పైపు ఎన్ని వంకరలు తిరిగినా రెండు వైపులా నీళ్ళు ఒకే మట్టంలో నిలుస్తాయి. ఆ మట్టం నుంచి గడప దాకా టేపుతో కొలవాలి. ఎక్కడ అంకె పెద్దదో అక్కడ పల్లం. కాక ముందు చివర పట్టుకుని కొత్త గడపకు వెళ్ళేవాడు, నేను వెనక చివరతో కొలిచిన గడప దగ్గర ఉండేదాన్ని. నోటుబుక్కులో రెండు గళ్ళు: 'వెనక', 'ముందు'. మొదటిసారి నీళ్ళు ఊగి ఊగి నిలబడ్డప్పుడు ఆ మట్టం దగ్గర వేలు పెట్టి చూశాను. ముప్పై అడుగుల దూరంలో, గోడ మలుపు అవతల, నాకు కనబడని కాక చేతిలో అదే ఎత్తున నీళ్ళు ఆగి ఉన్నాయంటే నమ్మశక్యం కాలేదు.

ఆడవాళ్ళు మమ్మల్ని వదల్లేదు. "సునీత ఇంజనీరమ్మ ఒచ్చింది, గడపకు జాకెట్ కుడుతదంట," అనేవారు. కాక పైపు దించకుండానే, "కుడితే నీకే ముందు కుడుతది, నీ గడపే పల్లంల ఉంది," అనేవాడు. తొమ్మిది రోజులు పట్టింది. ఎర్ర గీతకు కింద ఇరవై మూడు గడపలు తేలాయి.

మళ్ళీ వానాకాలం వచ్చింది. రెండు రోజులు తెరిపి లేని వాన పడ్డాక, ఒక పొద్దున అదే నోటీసు వచ్చింది. కాక చెప్పినట్టే 'లోతట్టు' మాట లేకుండా ఇరవై మూడు ఇంటి నంబర్లు రాసి, 'సామాను పైకి పెట్టుకోండి, ముసలోళ్ళను మేడ మీదికి చేర్చండి' అని కింద రాశాడు. జనం గొడుగుల కింద నిలబడి తమ నంబరు వెతుక్కున్నారు. నేను ఇంటికొచ్చి, ఊరుకోలేక, నోటుబుక్కు కింది నుంచి పైకి మళ్ళీ కూడుతూ పోయాను. మూడో వీధి పేజీలో చివరి వరస పక్కన నా చేతిరాతే కనిపించింది: 'కాకకు మోకాలు నొప్పి. ఇక్కడ ఆపాం.'

అప్పుడు గుర్తొచ్చింది. ఆ రోజు నొప్పి తట్టుకోలేక కాక నలభయ్యో ఇంటి అరుగు మీదే కూర్చుండిపోయాడు. ముందు చివర నేను తీసుకుని నలభై ఒకటో గడపకు వెళ్ళాను. కానీ అలవాటు కొద్దీ కాక చెప్పిన అంకె 'ముందు' గడిలో, నాది 'వెనక' గడిలో వేశాను. నలభయ్యో గడపకన్నా నాలుగు అంగుళాలు పల్లంలో ఉన్న ఇల్లు పుస్తకంలో నాలుగు అంగుళాలు ఎత్తైపోయింది. అంటే తప్పు నాలుగు కాదు, ఎనిమిది. గద్దెకు పన్నెండు అంగుళాల కింద ఉందనుకున్న ఇల్లు నిజానికి ఇరవై అంగుళాల కింద ఉంది. మర్నాడు మళ్ళీ ట్యాంకు దగ్గర నుంచి మొదలుపెట్టాం కాబట్టి చెడింది ఆ ఒక్క ఇంటి లెక్కే.

ఆ ఇంట్లో గుంటూరు వైపు నుంచి వచ్చిన రాజ్యలక్ష్మి గారు, పక్షవాతం వచ్చిన ఆమె భర్త ఉండేవారు. మంచం మీంచి రెండుసార్లు పడ్డారని ఆయన పరుపు నేల మీదే వేసేవారు.

మా ఇంటి నుంచి ట్యాంకుకు రెండు వందల పన్నెండు అడుగులు. ఆ రోజు లెక్కపెట్టలేదు. కాక ట్యాంకు పక్కనున్న పంపు గది చూరు కింద నిలబడి ఉన్నాడు. చెప్పాను.

"ఎన్ని ఇంచులు?"

"ఎనిమిది."

"పైకా, కిందికా?"

"కిందికి, కాకా."

ఆయన కోప్పడలేదు. బోర్డు వైపు తిరిగాడు. నేను వెంటపడ్డాను. "ఉత్తగ నంబరు కలిపేద్దాం కాకా. ఎవరికీ తెల్వదు."

"పొద్దుగాల చదివిపోయినోళ్ళ మతిల పాత మాటనే ఉంటది. నంబరు కలిపితే బోర్డు మారుతది, ఆళ్ళ మతి మారదు. తప్పని రాస్తేనే ఆగి చదువుతరు, పోయి ఇంకొకళ్ళకు చెప్తరు." సుద్దముక్క నా చేతిలో పెట్టాడు. "రాయి."

రాశాను. 'నలభై ఒకటి కూడా పల్లమే. కొలతలో తప్పు: సునీత.' ఆయన సుద్ద తీసుకుని నా పేరు కింద రాశాడు: 'సరిచూడకుండ రాసింది: నర్సయ్య.' తర్వాత ఇనుప చావిని ఊతకర్రలా పట్టుకుని, పాదాలు మునిగే నీళ్ళలో నా ముందు నడిచాడు.

రాజ్యలక్ష్మి గారు తలుపు తీశారు, కానీ మేం చెప్పింది నమ్మలేదు. "అదేంటండీ నర్సయ్య గారూ, మాది ఎత్తులో ఉందని మీ బోర్డే చెప్పింది కదా. ఇంత వానలో ఆయన్ని కదిలించమంటారేంటి?"

"బోర్డు తప్పు చెప్పిందమ్మా. మేం ఇద్దరం తప్పు రాసినం. గది చెప్పటందుకే ఒచ్చినం."

ఆమె మా ఇద్దరి మొహాలూ చూసి పక్కకు తప్పుకున్నారు. దారిలో బోర్డు చదివిన ముగ్గురు మగవాళ్ళు మా వెనకే వచ్చారు. ఆమె భర్తను పరుపుతో సహా ఎత్తి మేడ మీద కిరాయికుండేవాళ్ళ గదికి చేర్చారు. గంటన్నరలో నాలా పొంగింది. నీళ్ళు సరిగ్గా పాత ఎర్ర గీత దాకా వచ్చి ఆగాయి. మర్నాడు నలభై ఒకటో ఇంట్లో గోడ మీది బురద గీతను టేపుతో కొలిచాను. గడపకు పైన ఐదు అంగుళాలు. నా తప్పు లెక్క ప్రకారం గడప నీళ్ళకు మూడు అంగుళాల పైన ఉండాలి. మూడూ ఐదూ ఎనిమిది. ఆ లెక్క కుదిరినందుకు ఆ పూటా అన్నం సహించలేదు.

ఆ రెండు పేర్లను కాక వానాకాలం అంతా తుడవలేదు. వాటి పక్కన చోటు చూసుకుని మిగతా నోటీసులు రాసేవాడు. నాకు సిగ్గుగా ఉందని ఒకసారి అన్నాను. "ఎందుకు? మన ముచ్చట ఎడమ దిక్కునే ఉంది గదా," అన్నాడు. నిజమే, చూసినవాటిలోనే రాశాం. నేనప్పటిదాకా గమనించలేదు.

కాక పోయి ఆరేళ్ళు. ఇప్పుడు మేం తుర్కయంజాల్ దగ్గర ఉంటున్నాం. మా కాలనీకి బోర్డు లేదు, వాట్సాప్ గ్రూపు ఉంది. అందులో నోటీసులు తెలుగులో తిరగరాసి పెట్టే పని నా నెత్తిన వేసుకున్నాను. ఒక్కో దాని చివర 'చూసింది' అనో 'విన్నది' అనో రాస్తాను. పోయిన నెల నీళ్ళు వచ్చే రోజు తప్పు రాశాను. ఎదురింటి అమ్మాయి వెంటనే ఫోన్ చేసి, "ఆంటీ, అందరికీ డిలీట్ అయ్యేటట్టు నొక్కండి, అయిపోతది," అంది. నేను నొక్కలేదు. దాని కిందే రాశాను: 'పైన రాసింది తప్పు. రేపు కాదు, ఎల్లుండి. విన్నదాన్ని చూసినట్టు రాశాను. సునీత, పదిహేడో ఇల్లు.'

ఈ వారం గ్రూపులోకి మళ్ళీ ఆ పాత మాటే వచ్చింది, లోతట్టు ప్రాంతాల ప్రజలని. చదివి ఒక్కరూ బదులు పలకలేదు. అందుకే పైపు కొన్నాను. ఆదివారం మొదలుపెడతాం, రెండో చివర ఎదురింటి అమ్మాయి పట్టుకుంటానంది. కొత్త నోటుబుక్కులో ఈసారి మూడు గళ్ళు గీశాను. 'వెనక', 'ముందు', 'ముందు చివర ఎవరి చేతిలో'. మూడోది దేనికని ఆ అమ్మాయి అడిగింది. అది లేకపోతే ఎంత తేడా వస్తుందో నాకు తెలుసు. ఎనిమిది అంగుళాలు.