చక్రాల గదికి చలి కట్టిన రోజులు

సౌదీ జుబైల్‌లో నా పని ఫ్యాక్టరీ పైపులకు గాజు దూది లాంటి గ్లాస్ ఊల్ చుట్టడం. వేడి బయటికి పోకుండా దాని మీద రేకు బిగించి, వెంట్రుకంత సందు లేకుండా మూయాలి. ఏడేళ్లు అదే చేశాను. ఫ్యాక్టరీలు ఆపి చేసే షట్‌డౌన్ పనులు తగ్గాక, ఉత్తరాన తబూక్ అవతల ఒక మజ్రాలో మెయింటెనెన్స్ పని దొరికింది. మజ్రా అంటే పొలమే గానీ, ఈ గట్టు మీద నిలబడితే ఆ గట్టు కనిపించదు.

నీళ్లు చల్లే పెద్ద యంత్రాలు ఎక్కడ చెడితే అక్కడికి మేం పోవాలి. అందుకే మాకు ఇల్లు కూడా చక్రాల మీదే ఇచ్చారు. ట్రాక్టరుకు తగిలించి లాగే రేకుల కారవాన్ అది. లోపల రెండు మంచాలు, వాటి మధ్య మనిషి పక్కకు తిరిగి నడిచేంత జాగా. చిన్న జనరేటర్ బల్బుకూ ఫోన్లకూ సరిపోయేది. హీటర్ పెడితే రెండు నిమిషాల్లో ఆగిపోయేది.

రెండో మంచం ఒక జగిత్యాల మనిషిది. నాకన్నా ఇరవై ఏళ్లు పెద్ద కాబట్టి కాకా అనేవాణ్ని. ఆయన నన్ను బిడ్డా అని పిలిచేవాడు. సౌదీలో ఎండలు తిని ముదిరిన మనిషే గానీ తబూక్ చలి ఆయనకు కొత్త. మొదటి మంచు పడ్డ ఉదయం బకెట్లో నీళ్లు గడ్డకట్టాయి. ఆయన దగ్గు ఆ వారంలోనే మొదలైంది. ఎవరైనా వస్తే తువ్వాలు నోటికి అడ్డం పెట్టుకునేవాడు. ఇంకో రెండు నెలల్లో, అక్కడ ఉండనిచ్చే ఇకామా కార్డు రెన్యువల్ ఉంది. ముసలివాడయ్యాడని ముదీర్, అంటే మేనేజరు, అనుకుంటే ఎగ్జిట్ కొట్టి ఇండియాకు పంపేస్తాడని ఆయన భయం.

చలి బాగా ముదరక ముందే గదిని సిద్ధం చేద్దామని నేనే అన్నాను. జాకీలు పెట్టి కారవాన్‌ను పైకెత్తి, గాలికి ఊగకుండా కింద దిమ్మెలు పెట్టాం. నేల కింది నుంచి గాలి కొట్టకుండా చక్రాల చుట్టూ ఎండుగడ్డి మోపులు పేర్చాం. నీళ్ల పైపుకు గోనె చుట్టాను. గోడల లోపల అట్టలూ వాటి మీద దళసరి ప్లాస్టిక్కూ కొట్టాను. కిటికీ అంచులకు సిలికాన్ గమ్ము పెట్టాను. తలుపుకు కొత్త రబ్బరు పట్టీ అతికిస్తే, భుజంతో నెడితే గానీ తెరుచుకునేది కాదు.

చివరికి పైన పాడైపోయిన ఫ్యాన్ రంధ్రం ఒక్కటి మిగిలింది.

"గా సందు గూడ మూసెయ్ బిడ్డా. సక్కగ నా నెత్తి మీదికే కొడుతున్నది గాలి."

లోపల నిప్పు పెట్టొద్దని మాట తీసుకుని, దానికి రేకు కొట్టాను. వంట ఎలాగూ బయట, బొగ్గుల కుంపటి మీదే. ఆ రోజు లోపలికి వచ్చి తలుపు మూస్తే గాలి చప్పుడు కూడా వినిపించలేదు. నా పనితనం చూసి నేనే మురిసిపోయాను.

పది రోజుల తర్వాత, ఒక శుక్రవారం, పొద్దున్నుంచి వాన. దానికి తోడు ఈదురుగాలి. యంత్రం పైపుల్లో నీళ్లు నిలిస్తే రాత్రికి గడ్డకట్టి పగులుతాయని, వాటిని వదిలిరావడానికి నేనొక్కణ్నే వెళ్లాను. కాకాను పడుకోమన్నాను. తిరిగి వచ్చేసరికి మధ్యాహ్నం రెండు దాటింది. రోజూ కారవాన్ వెనుక ఉండే బొగ్గుల కుంపటి అక్కడ లేదు.

తలుపు నెట్టాను. లోపల గడియ వేసి ఉంది. పిలిచాను. గోడ మీద గుద్దాను. పలకలేదు. భుజంతో మూడు సార్లు కొట్టినా నేను అతికించిన ఆ రబ్బరు కదలలేదు. వీల్ స్పానర్ తీసుకుని తలుపు పక్క కిటికీ అద్దం పగలగొట్టాను. అద్దం వెనుక ప్లాస్టిక్. అది సాగుతుంది గానీ తెగదు. జేబులో కత్తి ఉందన్న సంగతి గుర్తు రావడానికి ఎంతసేపు పట్టిందో ఇప్పటికీ చెప్పలేను. కోసి, చెయ్యి లోపలికి పెట్టి, గడియ తీశాను.

కాకా మంచం మీద కాదు, నేల మీద ఉన్నాడు. తలుపు వైపు తల పెట్టి బోర్లా పడి ఉన్నాడు. లేవాలని చూశాడన్నమాట. చంకల కింద పట్టుకుని వానలోకి ఈడ్చాను. ఊపిరి ఉంది. కళ్లు మాత్రం తెరవడం లేదు. నా కేకలకు ట్రాక్టర్ నడిపే పాకిస్తానీ పరుగెత్తుకొచ్చాడు. ఆయన ఒక్క ప్రశ్న అడగకుండా పికప్ తెచ్చాడు. దారి పొడవునా నేను కాకా మొహానికి గాలి తగిలేలా కిటికీ దించి పట్టుకున్నాను. సగం దూరంలో కాకా వాంతి చేసుకున్నాడు. అది చూసి నాకు ఏడుపొచ్చింది, బతికున్నాడన్న సంతోషంతో.

ఆస్పత్రిలో ఆక్సిజన్ పెట్టారు. నేను కాకాను పిలిచే మాటలు విని డాక్టరమ్మ తెలుగులోనే పలకరించింది. గుంటూరు వైపు మాట.

"కుంపటి లోపల పెట్టుకున్నారా అండీ? గాలి పోయే దారి ఎక్కడన్నా ఉంచారా?"

"లేదు మేడం," అన్నాను. "అన్ని సందులు నేనే మూసిన."

ఆమె నన్ను తిట్టలేదు. "బొగ్గు నుంచి వచ్చే విషవాయువుకు వాసన ఉండదండీ. నిద్రొచ్చినట్టే ఉంటుంది," అని మాత్రం అంది. తిడితే బాగుండేదనిపించింది.

మర్నాడు ఉదయానికి కాకా లేచి కూర్చున్నాడు. నా చెయ్యి పట్టుకుని మెల్లగా అన్నాడు: "ముదీర్‌కు జరమని చెప్పు బిడ్డా. నిప్పు ముచ్చట తియ్యకు. నన్ను పంపేస్తరు."

సరేనన్నాను. ముదీర్ ఫోన్ చేస్తే జ్వరమనే చెప్పాను. కానీ అదే మజ్రాలో అలాంటి కారవాన్లు ఇంకా మూడు ఉన్నాయి. ఒకదానికి నేనే పోయి తలుపు పట్టీ అతికించి వచ్చాను. అందులో నలుగురు బంగ్లాదేశీలు ఉంటారు. వాళ్ల దగ్గరా కుంపటి ఉంది. సాయంత్రం ఆఫీసుకు పోయి ముదీర్‌కు ఉన్నదున్నట్టు చెప్పాను. కాకా తప్పు లేదనీ, మూసింది నేననీ చెప్పాను.

ఆయన చాలాసేపు కోప్పడ్డాడు. తర్వాత, వెంటనే పోయి అన్ని కారవాన్లకూ గాలి రంధ్రాలు కొట్టమన్నాడు. ఒక్కో దానికి రెండు, కింద ఒకటి, పైన ఒకటి. కుంపట్లన్నీ ఎత్తించేశాడు. వారం తర్వాత మా అన్ని కారవాన్లనూ పెద్ద జనరేటర్ దగ్గరికి లాగించి, కరెంటుతో నడిచే నూనె హీటర్లు ఇప్పించాడు. కాకా ఇకామా గురించి మాత్రం ఏమీ అనలేదు.

అనకపోవడమే కాకాను చంపుకుతింది. ఆస్పత్రి నుంచి వచ్చాక నాతో మాటలు బంద్ చేశాడు. ఆ చిన్న గదిలో, మోకాలికి మోకాలు తగిలే దూరంలో కూర్చుని, ఎవరి అన్నం వాళ్లం తిన్నాం. ఫోన్ మోగితే చాలు, ఆయన ఉలిక్కిపడేవాడు. నేను చేసింది సరైనదేనని రోజూ నాకు నేను చెప్పుకునేవాణ్ని. ఆయన వీపు చూస్తే మాత్రం నమ్మకం కలిగేది కాదు.

ఇకామా రెన్యువల్ అయినట్టు మెసేజ్ వచ్చిన రోజు నేను బయట టైరుకు గాలి కొడుతున్నాను. ఆయన ఫోన్ పట్టుకొచ్చి నా మొహం ముందు పెట్టాడు. అరబ్బీ ఆయనకు రాదు, నాకు కొద్దిగా వచ్చు. చదివి, ఒక ఏడాది అని చెప్పాను.

ఆయన అక్కడే గడ్డిమోపు మీద కూర్చున్నాడు. ఫోన్ జేబులో పెట్టుకుని, "ఆ రోజు తలుపు దాక పాకిన బిడ్డా. గడియకు చెయ్యి అందలే," అన్నాడు.

పంపు పక్కన పెట్టి వెళ్లి ఆయన పక్కన కూర్చున్నాను.