సాక్ష్యం కేసు షీటుకెక్కిన రోజు

బయలుదేరినప్పుడు తోడుండి, దారి ఆగిపోయిన చోట కూడా తోడుండే మన తండ్రికి స్తోత్రం. ఆయన నామానికే మహిమ కలుగును గాక. విదేశాల నుంచి కూటాలకు అతిథులను పిలిచే సంఘాలకూ, ఇక్కడి నుంచి విదేశాలకు వెళ్లే సహోదరీ సహోదరులకూ పనికొస్తుందని ఈ ప్రయాణం సంగతి రాస్తున్నాను.

మా దొరవారిసత్రం స్త్రీల కూటాలకు శ్రీలంక నుంచి ఎస్తేరమ్మ గారు వచ్చారు. యాభై దాటిన తమిళ సహోదరి. మా పాస్టరు అయ్యగారు తమిళనాడు సరిహద్దున సూళ్లూరుపేట వైపు పెరిగి తమిళం వచ్చినవారు కాబట్టి ఆమె మాటలను ఆయనే తెలుగులో చెప్పారు. రెండో రోజు సాయంత్రం ఆమె సాక్ష్యమిచ్చారు. కడుపునొప్పితో చావు దాకా వెళ్లాననీ, మందులు పనిచేయలేదనీ, తల్లి ప్రార్థనతో దేవుడు లేపాడనీ చెప్పారు. ఆమె నెమ్మదిగా చెప్పిన దాన్ని అయ్యగారు రెండింతల ఆవేశంతో చెప్పారు. చాలామంది కళ్లు తుడుచుకున్నారు.

మరునాడు పొద్దున దోసె సగం తిని ఆమె పళ్లెం పక్కన పెట్టారు. తొమ్మిదయ్యేసరికి నడుము నిటారుగా నిలపలేకపోయారు. ఊళ్లోని ఆర్‌ఎంపీ డాక్టరు కడుపు కుడివైపు కింద నొక్కి చూసి, ఆలస్యం చేయకుండా నెల్లూరు తీసుకుపొమ్మన్నాడు. సంఘస్థుడొకరు కారు ఇచ్చారు. ఆమెకు తోడుగా అయ్యగారు, నేను బయలుదేరాం.

నాయుడుపేట దాటాక ఆమె చేతిసంచిలోంచి ప్రయాణ ఇన్సూరెన్సు కాగితం తీసి నాకిచ్చారు. ఆస్పత్రిలో చేరే ముందే దానిమీది నంబరుకు ఫోను చేయాలట. ముందు ప్రార్థన చేసుకుందామని అయ్యగారు అన్నారు. “మీరు ప్రార్థన చేయండయ్యా, అమ్మాయి ఫోను చేస్తుంది” అన్నారామె. అలాగే చేశాం. ఫోనులో ఒకామె పాలసీ నంబరు, పాస్‌పోర్టు నంబరు అడిగి రాసుకుంది. డాక్టరు రిపోర్టు పంపితే ఆస్పత్రితో తామే నేరుగా మాట్లాడతామంది. గూడూరు దాటేసరికి ఆ పని అయిపోయింది.

పదకొండు గంటలకు నెల్లూరులో ఒక ప్రైవేటు ఆస్పత్రికి చేరాం. ఇలాంటి నొప్పి ముందెప్పుడైనా వచ్చిందా అని డ్యూటీ డాక్టరమ్మ అడిగింది. ఎస్తేరమ్మ గారు పళ్లు బిగబట్టుకుని ఉన్నారు. అయ్యగారు అందుకుని, చంకలో బైబిలుతోనే, నిన్నటి సాక్ష్యమంతా చెప్పారు. వైద్యులు చేతులెత్తేసిన కడుపు జబ్బనీ, దేవుడు ముట్టి బాగుచేశాడనీ చెప్పారు. డాక్టరమ్మ కేసు షీటులో రాసుకుంది. ఆ అవకాశం వదలకుండా ఆయన సాక్ష్యం చెప్పినందుకు నాకు సంతోషమే కలిగింది.

స్కానింగులో అపెండిక్స్ బాగా వాచిందని తేలింది. సాయంత్రంలోగా ఆపరేషన్ చేయకపోతే లోపల పగలవచ్చన్నారు. రిపోర్టు ఇన్సూరెన్సు వాళ్లకు వెళ్లింది. మేము క్యాంటీనులో సాంబారన్నం తిని వచ్చేసరికి జవాబు వచ్చి ఉంది. రోగికి ఈ కడుపు జబ్బు పాతదని రాసి ఉందనీ, పాత జబ్బులకు పాలసీ వర్తించదనీ, వివరణ వచ్చేదాకా అనుమతి ఇవ్వలేమనీ దాని సారాంశం. అనుమతి రాకపోతే ఖర్చంతా రోగిదేనని కౌంటరులో చెప్పారు. ఆమెకు ఈ దేశంలో మేము తప్ప ఎవరూ లేరు. అంత మొత్తం సాయంత్రానికి తేగల శక్తి మా సంఘానికి లేదు.

తాను చెప్పిన సాక్ష్యమే పాత జబ్బుగా షీటుకెక్కిందని అర్థమయ్యాక అయ్యగారు వరండా బల్ల మీద కూర్చుండిపోయారు. పక్కన చిట్టమూరు రైతు ఒకాయన, భార్యకు ఆపరేషన్ చేయించడానికి వచ్చినవాడు, మా మాటలు విన్నాడు.

“పాత జబ్బు ఏం లేదని చెప్పేయండి సామీ. ఎవురు చూడొచ్చినారు?”

“నిన్న మందిరంలో దేవుడు చేసినాడని చెప్పి, ఈ రోజు ఆస్పత్రిలో ఏమీ జరగలేదని ఎట్టా చెప్పేదన్నా?” అన్నారు అయ్యగారు.

ఎస్తేరమ్మ గారి మంచం దగ్గరికి వెళ్లి ఉన్నది ఉన్నట్టు చెప్పాం. ఆమె అయ్యగారి వైపు తిరిగారు.

“దేవుడు తీసేసిన జబ్బును మళ్లీ నా మీద ఎందుకు పెట్టారయ్యా?” అన్నారు.

తర్వాత ఒక్కొక్క మాటే చెప్పారు. అప్పుడు ఆమెకు తొమ్మిదేళ్లు. వచ్చింది టైఫాయిడ్. అది తగ్గాక నిన్నటిదాకా కడుపునొప్పి ఎరగరు. కూటంలో ఇవేవీ ఎవరూ అడగలేదు. సాక్ష్యంలో మనం వయసు అడగం, జబ్బు పేరు అడగం. అయ్యగారు లేచి డాక్టరమ్మ దగ్గరికి వెళ్లి, ఈసారి వరసగా చెప్పారు.

“ప్రార్థన సంగతి కూడా రాయమంటారా?” అందామె నవ్వి.

“మీ ఇష్టమమ్మా. వయసు మాత్రం తప్పకుండా రాయండి.”

చిన్ననాటి టైఫాయిడ్‌కూ ఈ అపెండిక్స్‌కూ సంబంధం లేదని ఆమె రాసి పంపింది. ఇన్సూరెన్సు వాళ్లు ఎస్తేరమ్మ గారితోనే ఫోనులో మాట్లాడి సరిచూసుకున్నారు. నాలుగు దాటాక అనుమతి వచ్చింది. వెంటనే ఆమెను లోపలికి తీసుకెళ్లారు. బయటికి వచ్చిన సర్జన్, పగలడానికి సిద్ధంగా ఉందనీ, సమయానికి తీశామనీ చెప్పారు.

మరునాడు అయ్యగారి భార్య వచ్చి ఆమె దగ్గర ఉన్నారు. మేమిద్దరం మధ్యాహ్నం ప్యాసింజరు ఎక్కాం. ప్రయాణాలు చేసేవారికి నేను చెప్పేది ఇంతే. పాలసీ తీసుకునేటప్పుడే పాత జబ్బులు దాచకుండా రాయండి. సహాయం నంబరు మీ దగ్గరే కాదు, మిమ్మల్ని పిలిచినవారి దగ్గర కూడా ఉంచండి. డాక్టరు అడిగిన దానికి ఏ జబ్బు, ఎప్పుడు, ఎన్నాళ్లు అన్నది చెప్పండి.

గూడూరులో రొయ్యల గంపతో ఒకామె ఎక్కి మా ఎదుట కూర్చుంది. ఆస్పత్రి నుంచా అని అడిగింది. దేవుడు చేసిన మేలు చెప్పకుండా అయ్యగారు ఉండలేరు. గొంతు సవరించుకున్నారు.

“ఒక సహోదరి ఉండాదమ్మా. ఆమెకు తొమ్మిదేళ్లప్పుడు టైఫాయిడ్ వచ్చింది” అని మొదలుపెట్టారు.

ఎస్తేరమ్మ గారు ఇంకా ఆస్పత్రిలోనే ఉన్నారు. కుట్లు మానాలి, విమానం ఎక్కవచ్చని డాక్టరు చెప్పాలి. ఇది చదువుతున్న మీరు ఒక్క నిమిషం ఆగి, ఆమె క్షేమంగా ఇల్లు చేరాలని మాతో కలిసి ప్రార్థించండి. ఆమెకు వైద్యం చేసినవారి కోసం, ఫోనులో ప్రశ్నలడిగినవారి కోసం కూడా ప్రార్థించండి. ఆమేన్.