అడగకూడని బదిలీ

1957 జూన్‌లో నన్ను వికారాబాదులోని మిషన్ బాలికల బోర్డింగు స్కూలుకు హెడ్‌మిస్ట్రెస్‌గా వేశారు. ఆ ఉద్యోగంతోపాటు ఇంకో పని కూడా అంటగట్టారు: సంఘ జిల్లా విద్యాకమిటీ కార్యదర్శి పదవి. ఈ జిల్లా కలెక్టరుగారి జిల్లా కాదు. వికారాబాదు నుంచి తాండూరు దాటి, కన్నడం వినబడే సరిహద్దు పల్లెల దాకా ఉన్న క్రైస్తవ సంఘాలన్నీ కలిపి ఒక జిల్లా. దానికి పై అధికారి సూపరింటెండెంటుగారు. ఆయన కింద ఒక్కో పాదిరికి పదో పన్నెండో పల్లెలు. ఆ పల్లెల గుంపును సర్క్యూట్ అనేవారు. కార్యదర్శిని కాబట్టి సంఘాల వార్షిక సమావేశంలో నాకు ఒక కుర్చీ, మాట్లాడే హక్కు ఇచ్చారు. ఆ రెండోది ఇచ్చినందుకు తరవాత విచారించినవాళ్లు చాలామంది.

ఆ సమావేశం గురించి తెలియనివారికి చెప్పాలి. చలికాలంలో, మిషన్ బంగళా ఆవరణలో, షామియానా కింద కొన్ని రోజులు జరిగేది. రిపోర్టులు, ప్రార్థనలు, కమిటీలు అన్నీ ముందు. చివరి రోజు చివరి పనిగా బిషప్పుగారు లేచి నియామకాలు చదివేవారు, అంటే ఏ పాదిరి వచ్చే యేడు ఏ సర్క్యూట్‌లో ఉండాలో. చదివేదాకా ఆ సంగతి బిషప్పుగారికీ సూపరింటెండెంట్లకూ తప్ప ఎవరికీ తెలియకూడదు. చదివాక దానిమీద చర్చ లేదు. ఒక పాట పాడి లేచిపోవాలి. పాదిరుల భార్యలు వెనక చాపల మీద కూచుని తమ ఊరి పేరు కోసం చెవులు రిక్కించేవారు. పేరు మారిందంటే వారంలోగా గిన్నెలు, మంచాలు, మేకలు ఎడ్లబండికెక్కాలి. పెరట్లో బొప్పాయి మొక్క నాటిన పాదిరి భార్య దాని కాయ తిన్నట్టు నేనెప్పుడూ వినలేదు.

ఇంకో నియమం ఉండేది. అది ఏ పుస్తకంలోనూ రాసిలేదు గాని, రాసిన నియమాలన్నిటికంటే గట్టిది. పాదిరి తన బదిలీ గురించి తాను అడగకూడదు. పాదిరిగా చేసే అభిషేకం రోజు బిషప్పుగారు నెత్తిన చేతులుంచినప్పుడు, పంపినచోటికి పోతానని ఒప్పుకుంటాడు. ఆ తరవాత ఫలానా ఊరు కావాలని నోరు తెరిస్తే, అతనికి పిలుపు మీదికంటే సుఖం మీద మనసెక్కువని తోటి పాదిరులే గుసగుసలు పోతారు. ఇది మన పాదిరుల సంగతి. తెల్ల మిషనరీ దొరలకు వేసవిలో కొండలు, కొన్నేళ్లకోసారి స్వదేశానికి సెలవు ఉండేవి. ఒక దొరసానమ్మకు ఛాతీలో మచ్చ కనబడితే నెల తిరక్కుండా భార్యాభర్తలిద్దర్నీ ఓడెక్కించారు. మంచిదే, ఎక్కించవలసిందే. దానికి ప్రమాణం అడ్డు రాలేదని మాత్రం నేను గుర్తుపెట్టుకున్నాను.

ఎలీషా అయ్యగారిది తాండూరు అవతల, నాపరాళ్ల గనుల పక్కనున్న సర్క్యూట్. నాలుగేళ్లుగా అక్కడే ఉన్నారు. సన్నగా, పొడుగ్గా, చెప్పుల్లేకుండా నడిచే మనిషి. ఆయన సంఘంలో ఎక్కువమంది గనుల్లో బండలు కొట్టేవాళ్లు. వాళ్లచేత ఆయన నాపరాతి గుడి ఒకటి కట్టిస్తున్నారు. ఆయన భార్య సుగుణమ్మ నాకు ముందునుంచీ తెలుసు. పాత ఉద్యోగంలో పల్లెబడి తనిఖీకి పోయినప్పుడల్లా వాళ్లింట్లోనే జొన్నరొట్టె తినేదాన్ని. ఆమెను నేను వికారాబాదుకు వచ్చేనాటికే అనంతగిరి కొండమీది క్షయ ఆసుపత్రిలో చేర్చారు.

నేను వీలైన ఆదివారాలు కొండెక్కి ఆమెను చూసొచ్చేదాన్ని. అయ్యగారు నెలకోసారి, ప్రసంగాలు లేని ఏ సోమవారమో వచ్చేవారు. పల్లె నుంచి కాగ్నా వాగు దాటి తాండూరుకు నడక, అక్కడినుంచి వికారాబాదుకు ప్యాసింజరు, మళ్లీ కొండకు నడక. సుగుణమ్మకు జబ్బు ఊపిరితిత్తులకే గాని నాలుకకు అంటలేదు. "టీచరమ్మా, ఆదివారమొస్తె అందరి మొగుళ్లు ఈడికొస్తరు. పాదిరిని చేసుకున్న పాపానికి నాకు ఆదివారమే లేదు" అని నవ్వి, ఆ నవ్వుకే దగ్గు తెచ్చుకునేది. డాక్టరుగారిని విడిగా అడిగాను. రెండు వైపులా పాకిందనీ, మందు పనిచేయడం లేదనీ, వచ్చే చలికాలం చూస్తుందని చెప్పలేననీ అన్నారు. ఆ సంగతి అయ్యగారికి కూడా చెప్పారట.

ఆ యేడు కొండ కిందనే ఉన్న సర్క్యూట్‌లో పాదిరి రిటైరవుతున్నాడు. అక్కడికి వేస్తే ఎలీషా అయ్యగారు రోజూ పొద్దున కొండెక్కి వచ్చి పల్లెలకు పోవచ్చు. అడగమని నేనే పోరాను. ఆయన తల అడ్డంగా ఊపారు. "పంపినకాడికి పోత అని ఒప్పుకున్ననమ్మా. ఇప్పుడు గీడికే పంపుండ్రి అంటె, గది వాళ్లు పంపుడెట్లయితది? నేను పోవుడయితది." సుగుణమ్మ మంచం మీంచే అందుకుంది: "మా అయ్యగారి నోరు గుళ్లనే లేస్తది, బయట పండుకుంటది. మీరన్న జర కొట్లాడుండ్రి."

కొట్లాడడం నాకు చేతనైన పని. సూపరింటెండెంటుగారి దగ్గరికి పోయాను. పెద్దమనిషి, నియమం తప్పనివాడు. "ఆయన అడిగాడా?" అన్నారు. "అడగడు, అడగకూడదని మీరే నేర్పారు" అన్నాను. ఆయన కాస్త గొంతు పెంచి, తమ రెండో పిల్లవాడు డాక్టరు లేని ఊళ్లో జ్వరంతో పోయినప్పుడు తాము కూడా ఎవర్నీ ఏమీ అడగలేదని చెప్పారు. అదొక పతకంలాగా చెప్పారు. "అడిగి ఉంటే బతికేవాడేమో" అన్నాను. ఆ మాట అన్నందుకు నేను ఇప్పటికీ విచారించడం లేదు.  చివరికి ఆయన, ఎలీషా అయ్యగారిని కొండ కిందికి వేయమని బిషప్పుగారికి చెబుతానన్నారు. చెప్పారు కూడా. ఆ సంగతి నాకు చెప్పకూడదు గాని, నన్ను వదిలించుకోవడానికి చెప్పేశారు.

సమావేశం చివరి రోజు పొద్దున రైలుకు గనుల ఊరినుంచి జనం దిగారు. మగవాళ్లు, ఆడవాళ్లు, చంకల్లో పిల్లలు, రొట్టెల మూటలు, కాళ్లు కట్టిన ఒక కోడి. నాలుగేళ్లు నిండాయి కదా, అయ్యగారిని మార్చేస్తారని వాళ్లకు ఎవరో చెప్పారట. సంఘపెద్ద బాలయ్య, బండలు కొట్టే మనిషి, తలపాగా తీసి చంకలో పెట్టుకుని నేరుగా వేదిక ముందుకు నడిచాడు.

"బిషప్ దొరా, మా అయ్యగారిని మాకే ఉంచుండ్రి. గుడికి గోడలు లేసినయ్, పైన బండలు పరుసుడే ఉంది. మాకు కూలొద్దు, ఏమొద్దు, మేమే పరుస్తం. గీ మనిషిని మాత్రం తీస్కపోవద్దు."

వెనకనుంచి ఒక ముసలమ్మ అరిచింది: "తీస్కపోతె మేం గీడికెళ్లి లెవ్వం! మాకు గూడ గీడనే వండిపెట్టుండ్రి!" షామియానా అంతా నవ్వింది. బిషప్పుగారు కూడా నవ్వారు. ఒక సంఘం తన పాదిరిని ఇంతగా కోరుకోవడం చూసి ఆయనకు ముచ్చటేసింది. అందులో తప్పులేదు. తప్పు ఆ తరవాతి మాటలో ఉంది. ఆయన ముందు వరసలో ఉన్న అయ్యగారివైపు తిరిగి, "ఎలీషాగారూ, వీళ్లు ఇంతగా అడుగుతున్నారు. ఉండిపోవడానికి మీకేమైనా ఇబ్బందా?" అన్నారు.

"ఏం లేదయ్యా. పంపినకాడికే" అన్నారు ఎలీషా అయ్యగారు.

నేను లేచాను. ఇబ్బంది ఉందన్నాను. సూపరింటెండెంటుగారు, నియామకాల మీద సభలో చర్చ లేదు, కూర్చోండమ్మా అన్నారు. నేను కూర్చోలేదు. భార్యకు వచ్చిన జబ్బేమిటో ఒక్కమాటలో చెప్పేయవచ్చు. అప్పుడు అయ్యగారు నావైపు తిరిగి రెండు చేతులూ జోడించారు. అప్పుడు కూర్చున్నాను. ఆయన ఇంటి సంగతి ఆయన వద్దన్నాక ఆయన సంఘం ముందు పరిచే హక్కు నాకు లేదు. ఆ హక్కు, దానితోపాటు ఆ బాధ్యత, సూపరింటెండెంటుగారికి ఉన్నాయి. బిషప్పుగారికి ఆ జబ్బు సంగతి తెలియదు; ఆయన చెవిలో సూపరింటెండెంటుగారు ఒక్క మాట చెబితే చాలు. సూపరింటెండెంటుగారు తన కాగితాలు సర్దుకున్నారు. పూట గడవక ముందే నియామకాలు చదివారు. గనుల సర్క్యూట్, ఎలీషా. జనం డప్పు కొట్టి పాట ఎత్తుకున్నారు.

పాట అయ్యాక బాలయ్య కోడిని చంకలో పెట్టుకొచ్చాడు. అమ్మగారికి తెచ్చాం, ఆమె ఏ దవాఖానలో ఉందో చూపిస్తే చూసిపోతాం అన్నాడు. ఛాతీలో నీరసమనీ, నిమ్మళంగానే ఉందనీ, తొందర్లోనే వస్తుందనీ అయ్యగారు వాళ్లకు ఇన్నాళ్లూ చెబుతూ వచ్చారు. ఇప్పుడు తప్పించుకునే దారి లేదు. నలుగురైదుగురిని వెంటపెట్టుకుని కొండెక్కారు. నేనూ వెళ్లాను.

సుగుణమ్మను చూడగానే బాలయ్య గుమ్మంలోనే ఆగిపోయాడు. ఆడవాళ్లు కొంగు నోటికడ్డం పెట్టుకున్నారు. ఆమె మాత్రం వాళ్లను పేరుపేరునా పలకరించి, మొగుడివైపు చూసింది. "ఏడికేసిండ్రు?"

"మనూరికే."

ఆమె కొంగు సర్దుకుంది. తరవాత, "మంచిగైంది. గుడి అయితది" అంది. బాలయ్యవైపు తిరిగి, "బండలు సందు లేకుంట పరుసుండ్రి. వానొస్తె అయ్యగారు తడుస్తడు" అంది.

వరండాలోకి రాగానే బాలయ్య ఆయనమీద విరుచుకుపడ్డాడు. "అయ్యగారూ, గింత ముచ్చట మా కాడ దాస్తవా? జర నోరిప్పి చెప్పొద్దా? మేమే బండి కట్టి, సామాన్లెత్తి, నిన్ను ఈడ దింపిపోతుంటిమి గద!"

"చెప్తె, నా చేతిల గిన్నె ముట్టుతుంటిరా?" అన్నారు ఎలీషా అయ్యగారు.

ప్రభు సంస్కారంలో పాదిరి అందించే ద్రాక్షరసం గిన్నె ఒక్కటే ఉండేది; సంఘమంతా దాంట్లోనే తాగాలి. క్షయ ఉన్న ఇంటి మనిషి చేతి గిన్నెను ఆ రోజుల్లో ఎవరు ముట్టేవారు? ముట్టుకునేవాళ్లమేనని బాలయ్య అనలేదు. నేల చూశాడు. ఆ మౌనం కోసం నేను అతన్ని గౌరవించాను. అబద్ధం చెప్పడం అక్కడ చాలా సులువు. కోడి వరండాలో పడి కొట్టుకుంటోంది, దాన్ని పట్టించుకున్నవాళ్లు లేరు.

బాలయ్య కొండ దిగి మళ్లీ బంగళాకు పోయాడు, అడిగింది వెనక్కి తీసుకుంటామని చెప్పడానికి. బిషప్పుగారి కారు అప్పటికే హైదరాబాదు దారి పట్టింది. సూపరింటెండెంటుగారు చదివింది చదివినట్టేనన్నారు. ఇవాళ మారిస్తే వచ్చే యేడు అన్ని సంఘాలూ రైలెక్కి వస్తాయి, ఇక నియామకాలు ఎందుకు, వేలంపాట పెట్టుకుందాం అన్నారు. "పొద్దున వీళ్లు రైలెక్కి వస్తేనే కదా మార్చారు?" అన్నాను. 

సుగుణమ్మ ఆ వానాకాలంలో పోయింది. తాండూరు స్టేషనుకు ఫోను చేయించాను. కబురు పల్లెకు చేరింది గాని కాగ్నా నిండుగా పారుతోంది. బాలయ్యవాళ్లు మోకులు కట్టి అయ్యగారిని దాటించబోయి రెండుసార్లు వెనక్కి లాగారట. ఆసుపత్రివాళ్లు శవాన్ని ఉంచడం కుదరదన్నారు. వికారాబాదు సమాధుల తోటలో సూపరింటెండెంటుగారే ఆరాధన జరిపారు. ఒకటి రెండు చోట్ల పుస్తకం మూసి మళ్లీ తెరిచారు. నేను చూశాను, చూసినట్టు రాస్తున్నాను, అంతే. అయ్యగారు మర్నాడు సాయంత్రం మోకాళ్లదాకా బురదతో వచ్చి, మట్టి కప్పిన చోట నిలబడ్డారు. నాతో ఒక్కటే అడిగారు: ఆఖరి ఆదివారం ఎవరైనా ఆమె దగ్గరికి వచ్చారా అని. నేను వెళ్లానని చెప్పాను. అది నిజమే.

మరుసటి యేడు సమావేశంలో ఎవరూ అడగకుండానే ఆయన్ను కొండ కింది సర్క్యూట్‌కు వేశారు. సూపరింటెండెంటుగారు బయటికొచ్చి, మీరు కోరిందే చేశానమ్మా అని నాతో అన్నారు. వెటకారం కాదు. నిజంగా మేలు చేశాననే అనుకున్నారు. ఎలీషా అయ్యగారు సామాను బండికెక్కించుకుని, పంపినచోటికి వెళ్లారు. ఆ కొండవైపు పల్లెల్లో ఆరేళ్లు పనిచేశారు. ఆయన ప్రమాణం తప్పలేదని తోటి పాదిరులు మెచ్చుకున్నారు.

ఆ సంఘటన నాకు నేర్పింది చిన్న విషయం. నలుగురి ముందు "మీకేమైనా ఇబ్బందా" అంటే అది అడగడం కాదు. లేదనే జవాబును బలవంతాన తీసుకోవడం. తరవాత జిల్లాలోని పల్లెబడుల టీచర్ల బదిలీలు నా చేతికొచ్చాయి. ఎవర్ని కదిలించవలసి వచ్చినా ముందు వాళ్ల ఇంటికి పోయేదాన్ని. లోపలి గది దాకా నడిచి, మంచంలో ఎవరున్నారో, పొయ్యి దగ్గర ఎవరున్నారో చూసి, ఆ తరవాతే పేరు రాసేదాన్ని. ఇళ్లల్లో దూరే హెడ్‌మిస్ట్రెస్ అని నాకు పేరొచ్చింది. సంఘ కమిటీలో మందలించారు కూడా. రిటైరయ్యేదాకా దూరుతూనే ఉన్నాను.