మట్టిలో ఐదు వేళ్ళు

మా ఆయన మొండిఘటం. ఇరవై ఆరేళ్ళు తలుపులూ కిటికీలూ చేసిన మనిషి. తాను బిగించిన తలుపు కిర్రుమంటోందని ఎవరి నోటనైనా వింటే, పిలవకపోయినా వెళ్ళి సరిచేసి వచ్చే రకం. అలాంటివాడు మెషిన్ రంపం కింద కుడిచేతి చిటికెనవేలూ, ఉంగరంవేలూ పోగొట్టుకున్నాక ఎనిమిది నెలలు పనిగదిలో అడుగుపెట్టలేదు. చూడ్డానికి వచ్చినవాళ్ళంతా "పోనీలే, ప్రాణం దక్కింది" అనేవారు. నాకు ఒళ్ళు మండేది. ఆ ప్రాణంతో పొద్దుటినుంచి సాయంత్రందాకా ఏం చెయ్యాలో మాత్రం ఒక్కరూ చెప్పరు!

ఒకసారి నేను లేననుకుని, వసారాలోనే చెక్కను నునుపుచేసే చిత్రిక చేతిలోకి తీసుకున్నాడు. రెండుసార్లు తోశాడో లేదో, పిడి మెలితిరిగి పలక మీద పెద్ద గాటు పడింది. చప్పుడు కాకుండా చిత్రికను కింద పెట్టేశాడు. తలుపు చాటునుంచి నేను చూస్తూనే ఉన్నాను.

చేతి కొలతకు పనిముట్లు చేసిచ్చే ముసలాయన ఒకడున్నాడని తెలిసి వెళ్ళాను. ఇరుకు గది, ఇనుపరజను, నూనె వాసన. నా మాట విని తడిమట్టి ముద్ద ఒకటి కవర్లో పెట్టి ఇచ్చాడు.

"పిడి పట్టుకున్నట్టు దీన్ని గట్టిగా పట్టుకోమనమ్మా. వేళ్ళు లేని చోట పిడి కాస్త లావు చేస్తాను. అప్పుడిక అరచెయ్యి జారదు."

మా ఆయన చచ్చినా ఒప్పుకోడనుకున్నాను. ఇంటికి తెచ్చి ఇస్తే, ముద్ద తీసుకుని గదిలోకి వెళ్ళి తలుపేసుకున్నాడు. అరగంట తర్వాత గుడ్డలో చుట్టి నా చేతిలో పెట్టాడు. ఆ సంతోషంలో విప్పి చూడాలని కూడా తోచలేదు నాకు.

ముసలాయన గుడ్డ విప్పి, ముద్దను అటూ ఇటూ తిప్పాడు. "అమ్మా, ఎన్ని వేళ్ళు పోయాయన్నావు?"

"రెండండీ."

"ఇందులో ఐదున్నాయే! అబద్ధం చెబుతున్నది నువ్వా, మట్టా?"

వంగి చూశాను. మూడు గుంటల్లో చర్మం గీతలు అచ్చుపడ్డాయి. మిగతా రెండూ నున్నగా ఉన్నాయి. ఎడంచేతి వేలితో తర్వాత తవ్వినవి. కణుపు దగ్గర పడే మడతను కూడా గోటితో గీశాడు మహానుభావుడు. ఎంత శ్రద్ధగా చేశాడో!

ముసలాయన ముఖంలో నవ్వు పోయింది. "ఇలాగే చేస్తే చూడ్డానికి బాగుంటుంది కానీ చేతిలో నిలవదు. ఆయన్ని అడిగి రా."

"అడిగితే ఇంకోసారి మట్టి ముట్టుకోరండీ," అని, నా బొటనవేలితో ఆ రెండు గుంటలూ నేనే పూడ్చేశాను. ఆసుపత్రిలో కట్టు విప్పినరోజు ఏడవనిదాన్ని అక్కడ వెక్కివెక్కి ఏడ్చాను. ముసలాయన మంచినీళ్ళ గ్లాసు నా పక్కన పెట్టి, అటు తిరిగి ఆకురాయి అందుకున్నాడు.

నెల తర్వాత కొత్త పిడితో చిత్రిక వచ్చింది. మా ఆయన పిడి పట్టుకుని, లావుగా ఉన్నచోట ఎడంచేత్తో తడిమి చూశాడు.

"ఇక్కడ గుంటలుండాలి. ఎవరు పూడ్చారు?"

"నేనే."

"ఎందుకు?"

"ఆ వేళ్ళు లేవు కాబట్టి."

ఎనిమిది నెలల్లో మా ఇంట్లో ఎవరూ ఆ మాట పైకి అనలేదు. విసిరికొడతాడేమో అనుకున్నాను. కుర్చీలో కూలబడ్డాడు.

"ఎంత కష్టపడి పెట్టానో..."

"తెలుసండీ. గోటితో గీసిన మడత కూడా చూశాను."

రెండు చేతులూ ముఖానికి అడ్డం పెట్టుకుని ఏడ్చాడు. నేను ఊరుకోమనలేదు.

చాలాసేపటికి లేచి, పనిగదిలోకి వెళ్ళి బల్ల మీద పలక వేసుకున్నాడు. మెల్లగా తోశాడు. లేచిన చెక్కపొర మధ్యలో తెగిపోయింది కానీ చిత్రిక జారలేదు. మళ్ళీ తోశాడు. పలక కదిలింది.

"ఏయ్, ఆ చివర కాస్త పట్టుకో," అన్నాడు.

ఇరవై ఆరేళ్ళలో ఆయన తన పనిలో నన్ను చెయ్యి వెయ్యమనడం అదే మొదటిసారి. వెళ్ళి పట్టుకున్నాను.