పదకొండో పాటలో నవ్వు

పక్కింటి పెరట్లో జూలై నాలుగు, అమెరికా స్వాతంత్ర్య దినం పండగ జరుగుతోంది. నెల్డా క్రౌచ్ బంగాళాదుంపల సలాడ్ గిన్నె పట్టుకెళ్ళి, బల్ల మీద పెట్టి వచ్చేద్దామనుకుంది. ఏటా ఆమె చేసేది అంతే. స్కూలు వంటింట్లో ఊరి పిల్లలందరికీ వడ్డించే మనిషికి, నలుగురి మధ్య కూర్చుని తినడం మాత్రం ఎప్పుడో అలవాటు తప్పింది.

ఆ మధ్యాహ్నం మాత్రం కాలు కదల్లేదు. ఆ పక్కింటాయన రస్టీ తన ట్రక్కు తలుపులు బార్లా తెరిచి పాటలు పెట్టాడు. పెట్రోలు బంకులో కొన్న సీడీ అది. పాత పల్లెటూరి కంట్రీ పాటల్లో తాగి గంతులేసేవన్నీ ఏరి ఒకచోట చేర్చారు. అట్ట మీద బీరు పీపా, దానికో కౌబాయ్ టోపీ. పదకొండో పాట మొదలయింది. ఫిడేలు, గిటార్లు, వెనక జనం కేకలు. రెండో చరణం చివర ఒక ఆడమనిషి నవ్వింది. ఊపిరాడక, ఆపుకోలేక, పొట్ట పట్టుకుని నవ్విన నవ్వు.

"ఈ నవ్వంటే నాకు ప్రాణం," అంది రస్టీ భార్య కెండ్రా. "ఎవరో గానీ మహా సరదా మనిషి."

"అది నేనే," అంది నెల్డా.

ఎవరూ వినిపించుకోలేదు. ఆమె ఇంకోసారి అంది. "నేనేనమ్మా. పాడింది మా ఆయన. డోయల్."

రస్టీ మాంసం కాలుస్తున్న పట్టకారుతోనే వెనక్కి తిరిగాడు. "నెల్డా గారూ! మీకు బీరు పోసిందెవరండీ?"

అందరూ గొల్లుమన్నారు. "నిజంగా మీరే అయితే ఒక్కసారి నవ్వండి, విందాం," అంది కెండ్రా. పాట తగ్గించి అందరూ చుట్టూ చేరారు. ఎవరి మొహంలోనూ ఎకసెక్కం లేదు. వినాలనే ఉంది వాళ్ళకి. నెల్డా నోరు తెరిచింది. ముందు ఒట్టి గాలి వచ్చింది, తర్వాత దగ్గొచ్చింది. కెండ్రా మంచినీళ్ళిచ్చి, "పోనీలెండి," అని వీపు నిమిరింది. పాట మళ్ళీ పెద్దదయింది.

మర్నాడు నెల్డా బంకుకెళ్ళి ఆ సీడీ కొనుక్కుంది. అది వినడానికి ఒక చిన్న ప్లేయరూ కొంది.

డోయల్‌తో కాపురంలో ఆమె జ్ఞాపకంగా దాచుకున్నది పెద్దగా ఏమీ లేదు. వారమంతా ఊళ్ళు తిరిగేవాడు. ఇంటికొస్తే నిద్రపోయేవాడు. నాష్‌విల్‌లో ఈ పాట రికార్డు చేసినప్పుడు, పార్టీలా వినిపించాలంటే జనం కావాలన్నారు. బ్యాండు వాళ్ళనీ వాళ్ళ పెళ్ళాల్నీ ఒక మైకు ముందు నిలబెట్టారు. పాడుతూ పాడుతూ డోయల్ ఆమె వైపు తిరిగి ఏదో అన్నాడు. ఆమెకి నవ్వాగలేదు. ఆ పాట అమ్ముడుపోలేదు. డోయల్ వేరే బ్యాండుతో టెక్సస్ వెళ్ళాడు, మళ్ళీ రాలేదు. చనిపోయాడని వాళ్ళ అక్క ఫోన్ చేసి చెప్పింది. అంతమందిలో తనవైపే తిరిగి తనని నవ్వించాడన్న ఆ ఒక్క జ్ఞాపకాన్నే నెల్డా ఇన్నేళ్ళూ పట్టుకుని ఉంది. ఏమన్నాడో మాత్రం గుర్తులేదు. ఎన్నిసార్లు విన్నా ఫిడేలు మోతలో ఆ మాట దొరకలేదు.

అప్పుడు బేస్ గిటార్ వాయించిన హార్లన్ టిబ్స్ పక్క రాష్ట్రం మిజూరీ సరిహద్దు దాటగానే ఉంటాడని తెలుసుకుని, ఆదివారం చర్చి అయ్యాక కారు తీసింది. అతను చక్రాల మీది ట్రెయిలర్ ఇంట్లో ఒక్కడే ఉంటున్నాడు. ముక్కులో ఆక్సిజన్ గొట్టం.

"ఏమయ్యా హార్లన్, గుర్తుపట్టావా?"

"గొంతు నీదే. మొహం మాత్రం మీ అమ్మ దగ్గర ఎత్తుకొచ్చావు. రా, లోపలికి రా."

చిక్కుడుగింజలు వెచ్చబెట్టి, మొక్కజొన్న రొట్టె ముక్క పక్కన పెట్టి ఇచ్చాడు. సగం తిన్నాక నెల్డా అడిగింది. "ఆ రోజు డోయల్ నాతో ఏమన్నాడు?"

"నీతోనా? ఏమీ అనలేదే."

"అన్నాడు. నా వైపు తిరిగి మరీ అన్నాడు."

హార్లన్ చెంచా కింద పెట్టాడు. "తిరిగింది నన్ను తిట్టడానికి నెల్డా. నేను నీ పక్కనే ఉన్నా. బెల్టు తెగి ప్యాంటు జారుతోంది. రెండు చేతులూ గిటార్ మీదే. వదిలితే పాట పాడవుతుంది. మోకాళ్ళ దాకా దిగిపోయినా వాయిస్తూనే ఉన్నా. లోపల మా ఆవిడ కుట్టిన ఎర్ర చుక్కల చెడ్డీ. అది చూశావు నువ్వు."

ఎర్ర చుక్కలు అనగానే ఆమెకి అంతా కళ్ళముందుకొచ్చింది. బక్క కాళ్ళు, బూట్ల మీద కుప్పపడ్డ ప్యాంటు, చెమటలు కారుతున్న హార్లన్ మొహం. అవును, అదే జరిగింది.

"మరి డోయల్?"

హార్లన్ గొట్టం సర్దుకున్నాడు. "వదిలెయ్."

"ఇంత దూరం వచ్చాను. చెప్పు."

"నవ్వు తీసెయ్యమన్నాడు. పాట చెడగొట్టిందని కేకలేశాడు. నువ్వు నీళ్ళు తాగడానికి బయటికెళ్ళావులే. స్టూడియో వాళ్ళే ఉండనిద్దామన్నారు."

నెల్డా పళ్ళెంలో మిగిలినది తినేసింది. వద్దంటున్నా లేచి రెండు పళ్ళేలూ కడిగింది. కడుగుతున్నంతసేపూ అటు తిరిగే ఉంది.

"చెప్పకుండా ఉండాల్సింది," అన్నాడు గుమ్మం దాకా వచ్చి.

"అడిగింది నేనేగా."

తిరుగు దారంతా కొండ మలుపులే. ఆ దారిలో ఆమె రేడియో పెట్టలేదు. ఇంటికొచ్చాక చాలా రోజులు ఎవరితోనూ పెద్దగా మాట్లాడలేదు. ఆ సంగతి గమనించినవాళ్ళు కూడా లేరు.

ఆకులు రాలే రోజుల్లో ఒక ఆదివారం ఫోన్ మోగింది. "టీవీలో సెయింట్ లూయిస్ జట్టు ఆట వస్తోంది. చూస్తున్నావా?" అన్నాడు హార్లన్. ఆమె టీవీ పెట్టింది. అప్పటినుంచి ఆదివారాలు అలాగే గడుస్తున్నాయి. ఇద్దరూ ఎక్కువ మాట్లాడుకోరు. డోయల్ పేరు ఎత్తరు. రెండిళ్ళలో ఒకే ఆట నడుస్తుంది.

"ఉన్నావా?" అంటాడతను.

"ఉన్నా."

ఒక్కోసారి అతనికి దగ్గు తెరలు తెరలుగా వస్తుంది. అది ఆగేదాకా నెల్డా ఫోన్ చెవి దగ్గర పట్టుకునే కూర్చుంటుంది.