క్లచ్ లేని ట్రాక్టర్ కోసం

మా ఆయన మాదాపూర్‌లో ఒక కంపెనీలో సర్వర్లు చూసుకునేవారు. నేను అదే రోడ్డులో ఇంకో బిల్డింగ్‌లో సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ చేసేదాన్ని. ఇప్పటికీ అదే చేస్తున్నాను. మధ్యాహ్నం వాళ్ల క్యాంటీన్‌లో కలిసి తినేవాళ్లం. నేను క్యారేజీ విప్పేలోపు ఆయన ఫోన్‌ను నీళ్ల బాటిల్‌కు ఆనించి ట్రాక్టర్ వీడియో పెట్టేవారు. పక్క టేబుళ్ల మీద క్రికెట్ నడుస్తుంటే మా టేబుల్ మీద ఎవరో పంజాబీ రైతు పొలం దున్నుతూ ఉండేవాడు.

ఆయనది సంగారెడ్డి దాటాక ఒక చిన్న ఊరు. మాది గుంటూరు వైపు. ఇద్దరివీ క్రైస్తవ కుటుంబాలే కాబట్టి పెళ్లికి పెద్దవాళ్లు అడ్డు చెప్పలేదు, భాష దగ్గరే కాస్త నవ్వుకున్నారు. నేను ప్రతి మాటకూ ‘అండి’ తగిలిస్తానని ఆయన ఏడిపించేవారు. మియాపూర్‌లో ఫ్లాట్‌లో ఉండేవాళ్లం. పిల్లలు లేరు. వాళ్ల అక్క, అంటే మా వదిన, ఆ ఊళ్లోనే ఉంటుంది. ఆమె ఇంటికి దగ్గర్లో ఒక చిన్న జామతోట అమ్మకానికి వస్తే కొన్నాం.

తోట బాగుంది గానీ, దాన్ని పెట్టినాయన ఆశకొద్దీ సాళ్లు మరీ దగ్గరగా వేశాడు. మొదటి వానాకాలం గడ్డి మోకాళ్లు దాటింది. ఊళ్లోంచి కిరాయి ట్రాక్టర్ పిలిపించాం. అది మామూలు పెద్ద ట్రాక్టర్. సాళ్ల మధ్య దూరగానే రెండు వైపులా కొమ్మలు విరిగాయి. నిటారుగా లేచిన దాని సైలెన్సర్ పొగకు లేత ఆకులు మాడిపోయాయి. మా వదిన గట్టు మీద నిలబడి డ్రైవర్ని తిట్టిన తిట్లు ఊరంతా విన్నారు. ఆ సాయంత్రం కారులో తిరిగి వస్తూ మా ఆయన అన్నారు: “మనకు చిన్న బండి కావాలె. మినీ ట్రాక్టర్.”

అక్కడ మొదలైంది. చదువుకునే రోజుల్లో సెలవులకు మేనమామ ట్రాక్టర్ నడిపిన మనిషి ఆయన. ఎన్ని హార్స్ పవర్ అని అందరూ అడుగుతారు, అది తర్వాత చూసుకోవచ్చు, ముందు వెడల్పు చూడాలి అనేవారు. చక్రాల మధ్య దూరం తగ్గించుకునే వీలుండాలి. సైలెన్సర్ పైకి కాదు, బానెట్ కింద నుంచి పక్కకు పోవాలి. మా తోట ఒక మూల పల్లం, వాన పడితే జారుతుంది కాబట్టి నాలుగు చక్రాలూ తిరిగేదై ఉండాలి. వెనక గడ్డి తెంపి నేల దున్నే రోటవేటర్‌ను ఎత్తే హైడ్రాలిక్‌కు బలం ఉండాలి. మందు కొట్టే మిషన్ తిప్పడానికి ఇంజను నుంచి వెనక్కి వచ్చే కడ్డీ నెమ్మదిగానూ తిరగాలి, వేగంగానూ తిరగాలి.

“పైన టాప్ కూడా ఉండాలండి, ఎండ తగలకుండా” అన్నాను ఒకసారి.

“టాప్ పెడితే కొమ్మలు తాకుతయ్. నువ్వు గొడుగు పట్టుకొని కూసో, నేను నడుపుత” అన్నారు. ట్రాక్టర్‌కు ఒకటే సీటని నాకప్పుడు తెలియదు.

ఆదివారం చర్చి అయ్యాక ముంబై హైవే మీద పటాన్‌చెరు వైపు పోయి షోరూములు తిరగడం మాకు అలవాటైంది. అలా మొదటి షోరూములో ఆయన బండెక్కి కూర్చున్నారు. ఎడమ కాలితో క్లచ్ తొక్కారు. సగం వరకు దిగి ఆగింది. మళ్లీ తొక్కారు. నడుము వెనక్కి ఆనించి, రెండు చేతులతో స్టీరింగ్ పట్టుకొని తొక్కారు.

“క్లచ్ జర గట్టిగుందన్నా” అన్నారు సేల్స్‌మన్‌తో.

“కొత్త బండి కదా సార్. వాడంగ వాడంగ మెత్తగైతది” అన్నాడతను.

ఇంకో షోరూముకు వెళ్లాం. అక్కడా అంతే. ఆ క్లచ్ కూడా గట్టిగా ఉందన్నారు. ఆయన అటువైపు వెళ్లి టైర్లు చూస్తుంటే, ఊరికే, ఎంత గట్టిగా ఉందో చూద్దామని నేనెక్కి కూర్చున్నాను. చెప్పు వదిలేసి కాలు పెట్టాను. పెడల్ నేల దాకా దిగిపోయింది. ఇంట్లో కుట్టుమిషన్ తొక్కినంత సులువుగా దిగింది.

నేను కాలు తీసి మళ్లీ తొక్కలేదు. కిందికి దిగి, “నిజంగానే గట్టిగా ఉందండి” అన్నాను.

ఆయన కారు తాళాలు తీసుకొని బయటికి నడిచారు. మా కారు ఆటోమేటిక్. దానికి క్లచ్ ఉండదు. అందుకే ఆ కాలు సంగతి మాకు తెలియలేదు. మెట్రో మెట్ల మీద ఎడమ చెప్పు జారిపోతుంటే చెప్పులు మార్చారు, రెండుసార్లు. మియాపూర్ దగ్గరకు వచ్చాక, సిగ్నల్ దగ్గర కారు ఆగినప్పుడు, ముందుకే చూస్తూ అడిగారు.

“నీకు దిగింది కదా?”

“ఏంటండి?”

“క్లచ్. నువ్వు తొక్కితే కిందిదాంక పోయింది. నేను చూసిన.”

పచ్చలైటు పడింది. వెనక వాళ్లు హారన్ కొట్టారు. 

గచ్చిబౌలి వైపు ఒక పెద్ద దవాఖానలో పరీక్షలు చేయించుకున్నాం. సూదులు గుచ్చి నరాలు చూశారు, స్కాన్‌లు తీశారు. చివరికి డాక్టరమ్మ మా ఇద్దరినీ కూర్చోబెట్టి చెప్పింది. కండరాలను కదిలించే నరాలు ఒక్కొక్కటిగా చచ్చిపోతున్నాయి. కాలితో మొదలైంది. చేతులకు వస్తుంది, గొంతుకు వస్తుంది, తర్వాత ఊపిరికి. నెమ్మది చేసే మందుంది గానీ ఆపేది లేదు.

నేను ఫైలులో కాగితాలు సర్దుతూ ఉండిపోయాను. ఆయన మాత్రం అడిగారు: “ట్రాక్టర్ నడపొచ్చా మేడం?”

ఆమె రాస్తున్న మందుల చీటీ పక్కన పెట్టింది. “ఏది నడపగలిగితే అది ఇప్పుడే నడపండి” అంది.

దాంతో మళ్లీ వెతుకులాట మొదలైంది. ఈసారి వెడల్పు గురించి కాదు, సైలెన్సర్ గురించి కాదు. విదేశాల్లో క్లచ్ అక్కర్లేని చిన్న ట్రాక్టర్లు ఉన్నాయని కనిపెట్టారు. కుడి కాలితో ఒక పెడల్‌ను ముందుకు నొక్కితే ముందుకు, వెనక్కి నొక్కితే వెనక్కి పోతాయట. ఆ వీడియోలు చూస్తూ ఆయన కుడి కాలు టేబుల్ కింద కదులుతుండేది. పటాన్‌చెరు, మేడ్చల్, శంషాబాద్, దొరికిన ప్రతి షాపుకూ ఫోన్ చేశారు. “అట్లాంటిది మా దగ్గరికి రాదు సార్” అన్నారు అందరూ. కొందరికి ఆయన ఏమి అడుగుతున్నారో కూడా అర్థం కాలేదు.

సరే, మామూలు బండికే క్లచ్ చేత్తో లాగే లివర్ పెట్టిద్దామన్నారు. వెల్డింగ్ షాపులో ఒకతన్ని మాట్లాడారు. అతను కొలతలకు రమ్మన్న వారం లోపే ఎడమ చేతి బొటనవేలు పట్టు తప్పింది. గ్లాసు జారింది. చొక్కా గుండీలు నేను పెట్టడం మొదలైంది. ఒక ఉదయం గుండీలు పెడుతుంటే, “లివర్ వద్దని వెల్డింగాయనకు ఫోన్ చెయ్యి” అన్నారు. అంతే. ఆ తర్వాత కొన్నాళ్లు మా ఇంట్లో ట్రాక్టర్ అన్న మాట వినపడలేదు. అది వినపడకపోవడం ఎంత భయంగా ఉంటుందో అప్పుడు తెలిసింది.

అప్పటికి ఆయన ఇంటి నుంచే పనిచేస్తున్నారు. కంప్యూటర్‌కు నోటితో చెబితే అది టైపు చేసేది. ఒక రోజు నేను ఆఫీసు నుంచి వచ్చేసరికి హాల్లో కుర్చీ గోడకు దూరంగా వేయించి ఉంది.

“ఆ కుర్చీల కూసో. కాలు ముందుకు చాపు.”

“ఎందుకండి?”

“చాపు ముందు.”

కూర్చుని చాపాను. నేను పొట్టిదాన్ని. ఆయన నా పాదం వైపు, నడుము వైపు మార్చి మార్చి చూశారు. “సీటు ముందుకు జరిగే బండి కావాలె నీకు” అన్నారు.

నాకు అర్థమై లేచి నిలబడ్డాను. “నాకొద్దండి. మీరు ఎక్కలేని ట్రాక్టర్ నేనేం చేసుకోను?”

“నేను లేనంక తోట అమ్ముకుంటవో ఉంచుకుంటవో నీ ఇష్టం. నేనేం అనడానికి ఉండను. ఉంచుకుంటే మాత్రం కిరాయి బండోని కోసం రోడ్డు మీద నిలబడొద్దు నువ్వు.”

నేను వంటింట్లోకి పోయి కుళాయి తిప్పి ఏడ్చాను. బయటికి వచ్చేసరికి ఆయన కొత్త వీడియో చూస్తున్నారు.

అలా ట్రాక్టర్ ఎంపిక మూడోసారి మొదలైంది. ఈసారి నా కాళ్లకు, నా భుజాలకు, నా తెలియనితనానికి సరిపోయేది కావాలి. పవర్ స్టీరింగ్ లేనిది వద్దన్నారు. గేర్ రాడ్ కాళ్ల మధ్య కాదు, పక్కన ఉండాలన్నారు. ఎక్కే మెట్టు కిందికి ఉండాలి. బండి తిరగబడితే మనిషి నలగకుండా సీటు వెనక ఇనప కమ్మీ ఉండాలి, కొమ్మల కింద దాన్ని మడిచే వీలుండాలి. వెనక తిరిగే కడ్డీకి మూత తప్పకుండా ఉండాలి. “చున్నీ ఏసుకొని దాని దగ్గరికి పోకు” అని ఎన్నిసార్లు చెప్పారో. హార్స్ పవర్ తనకోసం అనుకున్న దానికంటే తగ్గించేశారు.

షోరూముకు చక్రాల కుర్చీలో తీసుకెళ్లాను. సేల్స్‌మన్ నాకు వీపు తిప్పి, ఆయన వైపు వంగి చెప్పడం మొదలుపెట్టాడు. ఆయన మాట అప్పటికే కాస్త ముద్దగా వస్తోంది.

“ఆమెకు చెప్పన్నా. నడిపేది ఆమె.”

నేను ఒక్కో బండీ ఎక్కి క్లచ్ తొక్కాను. “ఎట్లుంది?” అని అడిగేవారు. తేలిగ్గా ఉందని ఆయన ముందు చెప్పడానికి నాకు నోరు రాలేదు. “చెప్పు, సిగ్గెందుకు” అన్నారు. చివరికి అన్నిటికంటే తేలికైనదే తీసుకున్నాం.

బండి వదిన ఇంటికి చేరిన రోజు ఇద్దరు మనుషులు ఆయన్ను ఎత్తి సీటులో కూర్చోబెట్టారు. వదిన ఒక పక్క, నేను ఒక పక్క పట్టుకున్నాం. గేర్ లేకుండా ఇంజను వేశాను. సీటు సన్నగా అదురుతోంది. కుడిచేతి వేళ్లు స్టీరింగ్ మీద పెట్టి ఇటూ అటూ తిప్పారు. అంత తేలిగ్గా తిరిగింది. ముందు చక్రాలు ఉన్నచోటే ఇటు తిరిగి అటు తిరుగుతుంటే ఆయన వాటినే చూస్తూ ఉన్నారు. బండి కదలలేదు. కాసేపటికి, “దించుండ్రి” అన్నారు. వదిన ముఖం పక్కకు తిప్పుకుంది.

ఆదివారాలు నేర్పారు. సాలు చివర నీడలో ఆయన కుర్చీ వేసేదాన్ని. అక్కణ్నుంచి చెప్పేవారు. “క్లచ్ మెల్లగ ఇడువు. ఇంకా మెల్లగ. దూరం చూడు, చక్రం చూడకు.” మొదట్లో బండి కప్పలా గెంతేది. ఆయన నవ్వేవారు. నవ్వితే ఊపిరాడక దగ్గు వచ్చేది. సాళ్లు తిన్నగా వచ్చే రోజులకు ఆయన మాట నాకు తప్ప ఎవరికీ అర్థమయ్యేది కాదు. తర్వాత ఇంజను ఆపితే గానీ నాకూ తెలిసేది కాదు. ఆపి, దిగి, దగ్గరకు పోయి చెవి పెట్టి విని, మళ్లీ ఎక్కేదాన్ని. వదినకు అది చూడబుద్ధి కాక పొయ్యి దగ్గరకు వెళ్లిపోయేది. తర్వాత కనుబొమలు మిగిలాయి. బాగుంటే ఎత్తేవారు.

వానలు పడుతుండగా, ఒక తెల్లవారుజామున, మియాపూర్ ఇంట్లో ఆయన పోయారు. ఊపిరి మిషన్ పని చేస్తూనే ఉంది, ఆయన లేరు. వాళ్ల ఊరి సమాధుల తోటలో పెట్టాం. పాస్టరుగారు ఏం వాక్యం చదివారో నాకు గుర్తులేదు. పెట్టెమీద తడిసిన మట్టి ముద్దలుగా పడింది.

నేను ఆఫీసుకు పోయాను, వచ్చాను. ఆ వానాకాలం తోట వైపు పోలేదు. మా ఆఫీసు క్యాంటీన్‌కు కూడా పోలేదు. సీటు దగ్గరే తినేదాన్ని. ట్రాక్టర్ వదిన ఇంటి పక్కన టార్పాలిన్ పట్టా కింద ఉంది. చలికాలం మొదట్లో ఆమె ఫోన్ చేసింది.

“తోటల గడ్డి నడుముదాంక లేసింది. పాములు తిరుగుతున్నయ్. అమ్ముతవా, దున్నుతవా, ఏదో ఒకటి చెప్పు. నాకు రోజూ చూడాలంటే పానం పోతున్నది.”

వెళ్లాను. బ్యాటరీ దిగిపోయి ఉంటే ఊళ్లో మెకానిక్ వచ్చి చార్జింగ్ పెట్టాడు. రోటవేటర్ తగిలించుకొని మొదటి సాలులోకి దిగాను. పచ్చిగడ్డి తెగిన వాసన వచ్చింది. దూరం చూస్తూ తోలాను, చక్రం చూడలేదు. సాలు తిన్నగానే వచ్చింది. చివరకు చేరి, అలవాటు కొద్దీ ఇంజను ఆపేశాను, ఏమంటారో వినడానికి.

స్టీరింగ్ మీద తల పెట్టి గట్టిగా ఏడ్చాను. తోటలో ఎవరూ లేరు కదా అనుకున్నాను. వదిన ఎప్పుడొచ్చిందో, నా వీపు మీద చెయ్యి వేసింది. తనూ ఏడుస్తోంది.

“ఆపకు” అంది. “ఏడుసుకుంటనే దున్ను. గడ్డికేం ఎరుక.”

అలాగే దున్నాను. పొద్దు వాలేసరికి సగం తోట అయింది.

తోట అమ్మలేదు. నెలలో రెండు మూడు ఆదివారాలు వెళ్తాను. మందు కొడతాను, గడ్డి తీస్తాను, కాయలు దింపితే ట్రాలీ తగిలించి రోడ్డు దాకా తెస్తాను. ట్రాలీ వెనకుండగా బండిని రివర్స్ తీయడం మాత్రం నాకు రాదు. స్టీరింగ్ ఎటు తిప్పితే ట్రాలీ దానికి ఎదురు వైపుకు పోతుంది. ఆ పాఠం దగ్గరకు వచ్చేసరికి ఆయనకు మాట లేదు. ఒక ఆదివారం కళ్లతో చెప్పాలని చాలాసేపు ప్రయత్నించారు, నాకు అర్థం కాలేదు, ఇద్దరం అలిసిపోయి ఇంటికి వచ్చేశాం. ఊళ్లో ఎవరిని అడిగినా నేర్పుతారు. మెకానిక్ తనే వస్తానన్నాడు కూడా. నేను అడగలేదు. కాయలెత్తాక తోట చివరి దాకా పోయి, పల్లం చుట్టూ తిరిగి, ముందుకే వస్తాను.