రాహేలమ్మ ప్రార్థన అంశాలు

గాజువాక దగ్గరి ఆ ఇరుకు వీధిలో షామియానా కింద, మొన్ననే కన్నుమూసిన రాహేలమ్మ ఆదరణ కూడిక మొదలైంది. కుర్చీలు చాలక ఆడవాళ్లు చాపల మీద సర్దుకున్నారు. మనవరాలు ఫెబా మాత్రం గుమ్మానికి ఆనుకుని నిలబడి, వచ్చినవాళ్లను ఒక్కొక్కరినే బోనులోని సాక్షిని చూసినట్టు చూస్తోంది. ఎవరు నిజంగా ఏడుస్తున్నారు, ఎవరు ఎవరికి సైగ చేస్తున్నారు అన్నదే ఆమె ధ్యాస. ఆ అనుమానం ఆమెను అమ్మమ్మ సమాధి దగ్గర కూడా వదల్లేదు.

కారణం లేకపోలేదు. అచ్యుతాపురంలోని ఒక రసాయనాల కంపెనీలో మంటలు రేగి ఇద్దరు కాంట్రాక్టు కూలీలు కాలిపోయారు. తప్పించుకునే తలుపుకు తాళం వేసి ఉండడం అర్జునరావు అనే కూలీ కళ్లారా చూశాడు. మృతుల తరఫున వాదిస్తున్న ఫెబా అతన్ని అనకాపల్లిలో అతని చెల్లెలి ఇంట దాచింది. వాంగ్మూలానికి ముందురోజు కాంట్రాక్టరు మనుషులు ఎవరినీ దారి అడక్కుండా ఆ ఇంటికే వెళ్లారు. మర్నాడు అర్జునరావు తాళం మాటే ఎరగనన్నాడు.

ఆమె కాక ఆ చోటు తెలిసింది, ఆమెతో కలిసి కేసు చూస్తున్న న్యాయవాది సాయిశంకర్ ఒక్కడికే. అతని మేనమామ ఆటోనగర్‌లో ఆ కాంట్రాక్టరు లారీలు బాగుచేస్తాడు. ఫెబాకు అది చాలింది. యూనియన్ ఆఫీసులో నలుగురి ముందూ “నువ్వే చెప్పావు” అంది. అతను కేసు కాగితాలు బల్ల మీద పెట్టి, చెప్పులు వేసుకుని వెళ్లిపోయాడు. ఇక మిగిలిన సాక్షి కంపెనీలో ఊడ్చే చిలకమ్మ. సోమవారం ఆమె నోరు విప్పాలి. ఆమె కూడా జారిపోతే చచ్చిపోయినవాళ్లదే తప్పని తేలిపోతుంది.

మైకు అందుకున్న చర్చి సంఘ పెద్ద రాహేలమ్మ జీవితాన్ని చదువుతున్నాడు. “ఈ తల్లి ప్రార్థనకు తప్ప నోరు తెరవలేదు” అన్నాడు. ఫెబా మనసులోనే అభ్యంతరం చెప్పింది. రొయ్యల షెడ్డులో కాటా మోసం పట్టుకుని సూపర్‌వైజరును గేటు దాకా తరిమిన మనిషి ఆమె. పోర్టులో కలాసీగా చేసిన భర్త పోయాక, కూతురూ పోయాక, ఐసు నీళ్లలో వేళ్లు తెల్లగా నాని పగిలిపోతున్నా రొయ్యలు వలిచి మనవరాలిని లా చదివించింది. పగుళ్లకు కొబ్బరినూనె రాసుకుంటూ బైబిలు వాక్యం వల్లించేది.

ప్రార్థన మాత్రం ఆమెకు మోకాళ్ల మీద బిగ్గరగా చేసే పని. కోడి కూయకముందే వీధిలోని ప్రతి ఇంటినీ పేరుతో, బాధతో సహా దేవుడికి అప్పగించేది. ఎదురింటి శ్రీరామ్మూర్తి గారు ఒకసారి గోడ మీంచి మొత్తుకున్నాడు:

“రాహేలమ్మ గారూ, నా సుగరు సంగతి వీదంతా ఇన్నారండీ!”

“ఇననీయండి బాబూ. ఆలు ఇంటే ఏటి? తగ్గించీవోడు ఇన్నాడు గదా!”

“తగ్గించీవోడికి సెవుడేటండీ, అంత అరుత్తారు?”

మర్నాడు ఆయనతోపాటు చెవిటివాళ్లందరి కోసం కూడా ఆమె ప్రార్థించింది. ఆ పూట ఆయన కిటికీ మూసుకున్నాడు గానీ, షుగరు పరీక్షకు వెళ్లే ముందు మాత్రం వచ్చి తన పేరు గుర్తుచేశాడు.

పెద్ద ముగించాక ఆడవాళ్లు రాహేలమ్మ గురించి సాక్ష్యాలు చెప్పసాగారు. పుష్పకుమారి లేచింది. ప్రతి గురువారం ఈ ఇంట్లో జరిగే కూడికలో పాట ఎత్తేది ఆమే.

“మనవరాలి కేసు కోసం ఎంత పోరాడిందో పెద్దమ్మ!” అంటూ కొంగుతో కళ్లద్దుకుంది. “ఆ అర్జునరావు అనకాపల్లిలో సెల్లెలింట్లో ఉన్నాడు ప్రెబువా, ఆడికి దైర్నం ఇయ్యి అని మోకాళ్ల మీదే ఉండిపోయింది. మాసేత కూడా సేయించింది.”

ఫెబా చేయి గుమ్మాన్ని వదిలేసింది. తాను రోజూ అన్నం తింటూ అమ్మమ్మకు కేసు చెప్పుకోవడం ఆమెకు అప్పుడు గుర్తొచ్చింది. అందరినీ అనుమానించిన మనిషికి తన కంచం ఎదుట కూర్చున్నామె తట్టలేదు. సాక్ష్యాలు ముగియగానే పుష్పకుమారిని వంటింట్లోకి పిలిచి తలుపు దగ్గరగా వేసింది.

“పిన్నీ, మీ ఆయన దేవకుమార్ గారు ఎవరి బండి నడుపుతున్నారు?”

“అదేటే, కాంట్రాకటరు గారి జీపు గదా! కొత్తగా అడుగుతన్నావేటి?”

“కూడికలో విన్న అంశాలు ఆయనకు చెబుతారా?”

“సెప్పకపోతే ఎలాగే? పడుకునే ముందు ఇద్దరం కలిసే ప్రార్దన సేసుకుంటాం.” ఆమె ముఖంలో గర్వం తప్ప మరేమీ కనబడలేదు. అలా కనబడకపోవడమే ఫెబాను మరింత కలవరపెట్టింది. తలుపు సందులోంచి చూస్తే, షామియానా కింద దేవకుమార్ పాటల పుస్తకం తెరిచి కూర్చున్నాడు. అతని చూపు వంటింటి వైపు ఉందా, పుస్తకం మీద ఉందా, తేల్చుకోలేకపోయింది.

“పోయిన గురువారం అమ్మమ్మ ఎవరి పేరు చెప్పింది?”

“సిలకమ్మ పేరు. యలమంచిలిలో అక్క దగ్గరుంది, సోమారం దాకా కాపాడు తండ్రీ అంది.” పుష్పకుమారి ఆగింది. “ఏటే, అలా అయిపోయావ్?”

ఫెబా పెరట్లోకి వెళ్లి సాయిశంకర్‌కు ఫోన్ చేసింది.

“ఏటి మేడం, ఇంకేమైనా తిట్లు మిగిలాయా?”

“నువ్వే నన్ను తిట్టు, కానీ తరవాత తిట్టు. చిలకమ్మ ఎక్కడుందో వాళ్లకి తెలిసిపోయింది.”

“ఇదీ నానే సెప్పీసుంటాను లే.”

“మా ఇంట్లోంచే పోయింది, శంకర్. అమ్మమ్మ ప్రార్థనలో.”

అవతల బండి స్టార్టయిన చప్పుడు వినిపించింది.

“యలమంచిలే గదా? ఎల్తన్నాను. ఆవిడ్ని ఎక్కడ పెడతానో నీకూ సెప్పను.”

“చెప్పొద్దు” అంది ఫెబా. అతనిమీద అనుమానం పూర్తిగా పోయిందా అంటే పోలేదు. వేరే దారి లేదు గనక నమ్మింది. అతనికీ ఆ సంగతి తెలుసని, క్షమాపణ కోసం ఎదురుచూడకుండా ఫోన్ పెట్టేసిన తీరులోనే అర్థమైంది.

షామియానా కిందికి తిరిగొచ్చేసరికి అందరూ మోకాళ్ల మీద ఉన్నారు. సంఘ పెద్ద ముగింపు ప్రార్థనకు ముందు ఆమె వైపు తిరిగాడు.

“ఫెబా, ఈ కుటుంబం తరఫున ప్రార్థన అంశాలు ఏమైనా ఉన్నాయామ్మా? కేసు సంగతి...”

దేవకుమార్ తల ఎత్తాడు. పుష్పకుమారి కూడా, కళ్లు తుడుచుకుంటూ, ఆత్రంగా.

“ఏమీ లేవండి” అంది ఫెబా.

పెద్ద ఒక్క క్షణం తడబడి, ఏ పేరూ లేకుండానే మొదలుపెట్టాడు. ఫెబా మోకాళ్లూనింది గానీ కళ్లు మూసుకోలేదు. దేవకుమార్ చేయి చొక్కా జేబులోని ఫోన్ వైపు వెళ్తుందేమోనని, ఆమెన్ అనేదాకా చూస్తూనే ఉంది.